ఉక్కుకు పూసిన తంగేడు

గోదావరిఖని,
ఫిబ్రవరి 9.

మైత్రీ,

ఫోన్లో మాట్లాడితే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నా కోపం సగం చల్లారిపోతుంది. అది చల్లారడం నాకిష్టం లేదు. అందుకే నీ ఫోన్ ఎత్తడం మానేసి కాగితం మీద రాస్తున్నాను.

మా అవ్వ దవాఖానలో ఉంది. నువ్వు అమ్మా అని పిలిచేచోట నేను అవ్వా అంటానని చిన్నప్పుడు నవ్వేదానివి, ఆ అవ్వే. నాన్న పోయినప్పటి నుంచి సదానందం షెడ్డులో పని చేస్తోందని నీకు తెలుసు. బొగ్గు బాయిల నుంచి వచ్చిన పాత పైపులను యాసిడ్ తొట్టిలో ముంచి, తుప్పు వదిలించి, రంగేసి అమ్మే షెడ్డు. మొన్న పైపును పైకి లాగుతుంటే కొక్కెం జారింది. పైపు ధబేలుమని తొట్టిలో పడింది. ఎగిరిన యాసిడ్ అవ్వ కుడి కంట్లో, చెంప మీద, మోచేతి దాకా పడింది.

చేతులకు గ్లౌజులు లేవు. కళ్ళకు అద్దాలు లేవు. తొట్టి పక్కన ఎప్పుడూ ఉండే నీళ్ళ డ్రమ్ము కూడా లేదు. తోటి కూలీ లస్మవ్వ చెయ్యి పట్టుకుని షెడ్డు వెనకాల ఉన్న నల్లా దాకా ఉరికించిందట. కంట్లో యాసిడ్ పెట్టుకుని అంత దూరం!

ఇవన్నీ ఎందుకు లేవో తెలుసా? కొత్త మందు వచ్చాక తీసేశారు. కొత్త మందు అంటే నువ్వు కనిపెట్టిన తంగేడు కషాయం. షెడ్డు గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. తెల్లకోటు వేసుకుని నువ్వు నవ్వుతున్నావు. కింద అక్షరాలు: "ప్రకృతి మందు. తుప్పు మాయం, భయం మాయం."

సదానందం దవాఖానకు వచ్చి నాతో ఏమన్నాడో విను. "ఆకురసం కలిపిన యాసిడ్ బిడ్డా గది. గంతగనం కాలదు. మీ అవ్వనే లొల్లి ఎక్కువ చేస్తున్నది."

మంచం మీద అవ్వ మూలుగుతోంది. వాడు ఆ మాట అన్నాడు. నీ మందు పేరు చెప్పి అన్నాడు.

నీ దోస్తు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

రాజకుమారి


హైదరాబాద్,
ఫిబ్రవరి 16.

రాజీ,

నీ ఉత్తరం చదివాను. మీ అవ్వకు, మా సమ్మత్తకు ఇలా జరిగిందంటే నమ్మలేకపోతున్నాను. ఇక్కడ మంచి కంటి డాక్టర్లు ఉన్నారు, వెంటనే తీసుకురా.

కానీ నిందంతా నా మీద వేయడం న్యాయం కాదు. నా పని ఏమిటో నువ్వు అర్థం చేసుకోవాలి. ఉక్కును యాసిడ్‌లో ముంచితే ముందు తుప్పు కరుగుతుంది, తర్వాత ఉక్కు కూడా కరగడం మొదలవుతుంది. అప్పుడే బుడగలు పొంగుతాయి, ఘాటు పొగ లేస్తుంది. తంగేడు బెరడులోని వగరు పదార్థం ఉక్కు మీద సన్నని పొరలా అంటుకుని, ఉక్కు కరగకుండా ఆపుతుంది. ఇప్పటిదాకా ఈ పనికి వాడే రసాయనాలు కొన్ని విషం, కడిగిన నీళ్ళతో పాటు వాగుల్లోకి, గోదావరిలోకి పోతాయి. వాటికి బదులుగా మన ఊరి గుట్టల మీద దొరికే చెట్టుతో ఆ పని చేయించాలనుకున్నాను. అంతే. యాసిడ్ మాత్రం యాసిడే. దాని పదును రవ్వంత కూడా తగ్గదు. బుడగలు, పొగ తగ్గేసరికి చూడటానికి సాధువుగా కనిపిస్తుంది.

ఇది మనుషులకు హాని చేయదని నా పరిశోధన వ్యాసంలో ఎక్కడా రాయలేదు. కావాలంటే పంపిస్తాను, చదువుకో. నాన్న ఇంజనీరుగా రిటైరయ్యాక ఆ షెడ్డుకు సలహాలు ఇస్తున్నారు కదా, మందును నిజమైన తొట్టిలో పరీక్షించడానికి ఆయనే సదానందంతో మాట్లాడి పెట్టారు. ఫొటో కూడా ఆయనే అడిగితే పంపాను. దాని కింద ఏం రాస్తారో నాకేం తెలుసు?

యాసిడ్‌కు భయం లేదని ఆ ఆడవాళ్ళకు చెప్పింది ఎవరు? అది చెప్పు ముందు.

నీ మైత్రి


గోదావరిఖని,
ఫిబ్రవరి 24.

మైత్రీ,

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. బడిలో పిల్లలకు తెలుగు పాఠం చెప్పే గొంతుతో, ఒక్క మాట వదలకుండా. పాఠంలాగే ఉంది మరి.

అవ్వ అంతా విని అడిగింది: "ఇనుము కరుగకుండ గంతగనం ఆలోచన చేసింది గదా బిడ్డా. తొట్టి కాడ నిలబడెటోళ్ళ గురించి ఒక్క ముక్కన్న రాయకపోయిందా?"

జవాబు నువ్వే చెప్పు. నా వల్ల కాలేదు.

డాక్టరు తేల్చేశాడు. కుడి కన్ను ఇక చూడదు. కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు, ఎడమ కంటికి ప్రమాదం రాకుండా చూడాలట. హైదరాబాద్‌లో మంచి డాక్టర్లు ఉన్నారని రాశావు. బాగుంది. అవ్వ ఆ మాటకు నవ్వింది. ముఖం సగం కట్టులో ఉన్న మనిషి నవ్వితే ఎలా ఉంటుందో నువ్వు చూడాల్సింది.

నేను ఫిర్యాదు పెట్టాను. ఫ్యాక్టరీల తనిఖీ అధికారి విచారణ చేస్తాడట. గ్లౌజులిస్తే సమ్మవ్వే విసిరి కొట్టిందని సదానందం అప్పుడే రాసిచ్చాడు. షెడ్డులో పనిచేసే లస్మవ్వ, సారవ్వ సాక్ష్యానికి నోరు విప్పడం లేదు. పని పోతే వాళ్ళకు ఇంకో పని లేదు.

ఎవరు చెప్పారని అడిగావు. చదువుకున్న ఒక పెద్దమనిషి వచ్చి చెప్పాడు. పేరు ఇప్పుడెందుకు? నువ్వు మాత్రం విచారణకు రా. ఫ్లెక్సీ మీద నవ్వినదానివి, అధికారి ముందు నిలబడి యాసిడ్ యాసిడే అని నీ నోటితో చెప్పు. నాకు నీ దగ్గర కావాల్సింది అదొక్కటే.

రాజకుమారి


హైదరాబాద్,
మార్చి 4.

రాజీ,

సమ్మత్తకు చెప్పు, తొట్టి దగ్గర నిలబడేవాళ్ళ గురించి నేను ఒక్క ముక్క కూడా రాయలేదు. పోయిన ఉత్తరం అలా రాసినందుకు సిగ్గుపడుతున్నాను.

మా గైడ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు తలుపు వేయించారు. "నీ డిగ్రీ చేతికి రాబోతోంది. ఇప్పుడు విచారణ, గొడవ అంటే మన మందును ఎవరూ ముట్టుకోరు. ఆ ప్రమాదానికీ మనకీ సంబంధం లేదు. నువ్వు వెళ్ళకు" అన్నారు. నేను, "సార్, ఆ తొట్టి ముందు నిలబడింది నా స్నేహితురాలి తల్లి" అంటే, "అందుకే వెళ్ళొద్దంటున్నాను. నీది ఆవేశం" అన్నారు. ఒక మనిషి కన్ను పోతే వచ్చేది ఆవేశం కాకపోతే ఇంకేమిటి? ఆ మాట పైకే అనేశాను. ఆయన మళ్ళీ నాతో మాట్లాడలేదు. నా పని మీద సంతకాలు పెట్టాల్సింది ఆయనే. పెట్టకపోతే పోనీ. నేను వస్తున్నాను.

కానీ ఆ పెద్దమనిషి పేరు ఎందుకు దాస్తున్నావు? వాడెవడైనా సరే, వాణ్ని కూడా విచారణకు లాగాలి. చదువు లేనివాడు చెబితే తెలియక చెప్పాడనుకోవచ్చు. చదువుకున్నవాడు పది మంది ఆడవాళ్ళ ముందు నిలబడి యాసిడ్‌కు భయపడొద్దని చెప్పాడంటే వాడు మనిషే కాదు. నువ్వు వాడికి భయపడుతున్నావా? నాన్నకు కూడా ఫోన్ చేసి అంతా చెప్పాను. మొత్తం విని, "సరే, నేను చూసుకుంటాలే" అన్నారు. ఆయన ఉండగా నీకు భయం దేనికి? వాడి పేరు రాయి.

మైత్రి


కరీంనగర్,
మార్చి 13.

మైత్రీ,

నువ్వు వాడు, వీడు అని రాసిన ఆ పెద్దమనిషి మీ నాన్న.

రాయకూడదనుకున్నాను. అవ్వ వద్దని ఒట్టు వేయించుకుంది. పదో తరగతిలో మనిద్దరినీ మీ క్వార్టర్ వరండాలో కూర్చోబెట్టి ఆయన లెక్కలు చెప్పారు. నీకు ఒకసారి చెబితే నాకు రెండుసార్లు చెప్పేవారు. మీ అమ్మ లలితాంబ ఆంటీ ఇద్దరికీ ఒకే పళ్ళెంలో జంతికలు పెట్టేది. అవ్వ దృష్టిలో భీమశంకరం సారంటే తన బిడ్డకు చదువు పెట్టిన మనిషి. ఆ చదువుతోనే ఇవాళ నీకు ఇలా రాస్తున్నాను.

కానీ మొన్న మీ నాన్న ఇక్కడి దవాఖానకు వచ్చారు. నేను మందులకు పోయినప్పుడు వచ్చి, "సమ్మవ్వా, అధికారులు అడిగితే నా పేరు ఎత్తకు, మా అమ్మాయికి చెడ్డపేరు వస్తుంది" అని చెప్పి వెళ్ళారట. "నేను చూసుకుంటాలే" అంటే అర్థం ఇదీ.

ఏం జరిగిందో లస్మవ్వ ఏడుస్తూ నాతో చెప్పింది. మందు కలిపిన మొదటిరోజు ఆయన ఆడవాళ్ళందరినీ తొట్టి చుట్టూ నిలబెట్టారు. "చూశారామ్మా, బుడగలు లేవు, పొగ లేదు. మా అమ్మాయి కనిపెట్టింది. ఇంక దీనికి మీరు భయపడక్కర్లేదు" అన్నారు. సారవ్వ భయపడి వెనక్కి జరిగితే, చొక్కా చెయ్యి మడిచి అందరూ చూస్తుండగా తన చేతిని తొట్టిలో ముంచి తీశారు. పక్కనున్న డ్రమ్ములో కడుక్కుని, "చూడండి, ఏమైంది నాకు?" అని నవ్వారు.

వాళ్ళు చప్పట్లు కొట్టారు మైత్రీ. అవ్వ అందరికంటే గట్టిగా కొట్టిందట. "మా రాజీ దోస్తు చేసింది" అని అందరికీ చెప్పుకుందట. ఆ తర్వాత సదానందానికి అడ్డేముంది? చినిగిన గ్లౌజుల స్థానంలో కొత్తవి ఇవ్వలేదు. అద్దాలు లోపల పెట్టి తాళం వేశాడు. సారు చెయ్యి కడుక్కున్న ఆ డ్రమ్మునే రంగులు కలపడానికి వాడుకున్నాడు. ఎవరైనా అడిగితే, "ఇంజనీరు సారు ఉత్త చెయ్యి ముంచిండు, మీరేం ఆయనకంటె గొప్పోళ్ళా?" అనేవాడు.

అడిగావు కదా. ఇదిగో పేరు. ఇప్పుడు వస్తావా?

రాజకుమారి


హైదరాబాద్,
మార్చి 17.

రాజకుమారీ,

నీ ఉత్తరం అందింది. మా నాన్న అలాంటివారు కాదు. నువ్వు రాసినది నేను నమ్మను.

ఆయన్నే అడగడానికి ఈ పూటే బయలుదేరుతున్నాను.

మైత్రి


రామగుండం,
ఏప్రిల్ 6.

రాజీ,

నువ్వు రాసిన ప్రతి మాటా నిజమే.

ఇంటికి వచ్చేసరికి ఆయన భోజనానికి కూర్చున్నారు. చెప్పులు కూడా విప్పకుండా అడిగాను. కాదంటారేమోనని ఎంత ఆశపడ్డానో. ఆయన ముద్ద కలుపుతూనే అన్నారు: "అవును, ముంచాను. ఒక్క క్షణం ముంచి కడుక్కున్నాను. వెంటనే కడుక్కుంటే ఏమీ కాదని నాకు తెలుసు. రోజంతా ఒట్టి చేతులతో అందులో పని చెయ్యమన్నానా? నా కూతురు సాధించిందని నలుగురిలో చెప్పుకోవడం కూడా తప్పేనా?"

"కడుక్కుంటేనే ఏమీ కాదని వాళ్ళకెందుకు చెప్పలేదు?" అన్నాను.

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. అమ్మ నా మీద విరుచుకుపడింది, "అన్నం ముందు నుంచి తండ్రిని లేపుతావా?" అని.

"ఆస్పత్రికి వెళ్ళి సమ్మత్తను నోరు మూసుకోమన్నది కూడా నా కోసమేనా?" అని అరిచాను. నా పేరు చెప్పి నా స్నేహితురాలి తల్లిని బెదిరించారు కదా! "బెదిరించలేదు, బతిమాలాను" అన్నారు. అవతల కన్ను పోగొట్టుకున్న మనిషిని పట్టుకుని బతిమాలడం! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంట్లోనే ఉన్నాను కానీ ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు.

నిన్న విచారణ జరిగింది. నువ్వు సమ్మత్త దగ్గర కరీంనగర్‌లో ఉండిపోయావు కాబట్టి అంతా రాస్తున్నాను. ముందు నన్ను పిలిచారు. ఒక చిన్న గాజు గ్లాసులో ఏమీ కలపని యాసిడ్, ఇంకోదానిలో కషాయం కలిపిన యాసిడ్ పెట్టి, రెండింట్లోనూ ముందు ఇనుపమేకు, తర్వాత కోడిగుడ్డు పెంకు వేసి చూపించాను. మేకు మొదటిదానిలో బుసబుస బుడగలు కక్కింది, రెండోదానిలో నిమ్మళంగా ఉంది. గుడ్డు పెంకు మాత్రం రెండింట్లోనూ ఒకేలా పొంగి కరిగింది. "నా మందు ఉక్కును కాపాడుతుందండీ, ఇంక దేన్నీ కాపాడదు" అని చెప్పాను.

తర్వాత నాన్నను పిలిచారు. సదానందం పక్కన కూర్చుని ఉన్నాడు. "మీరు తొట్టిలో చెయ్యి ముంచి చూపించారా?" అని అధికారి అడిగారు.

"లేదండి. ఎవరో పుట్టించిన మాట" అన్నారు నాన్న.

రాజీ, ఆయన అబద్ధమాడటం నేను అంతవరకూ వినలేదు. ఎంత తేలిగ్గా అనేశారో. నేను లేచి నిలబడ్డాను. "ముంచారండి. నాతోనే ఒప్పుకున్నారు. అన్నం తింటూ చెప్పారు" అన్నాను. అధికారి నా వైపు తిరిగి, "ఆయన మీకేమవుతారు?" అన్నారు. "మా నాన్న" అన్నాను. నాన్న తల దించుకుని, "మా అమ్మాయి ఆవేశంలో ఉందండి" అన్నారు. ఇక్కడా అదే మాట!

అప్పుడు వెనకాల నుంచి లస్మవ్వ లేచింది. "గా పిల్ల కన్నతండ్రి మీదనే చెప్పబట్టె. నాకేం భయం? ముంచిండు సారూ, నేను చూసిన. డ్రమ్ము తీసేసింది గీ సదానందమే. ఇంట్లకెల్లి గ్లౌజులు తెచ్చుకుంటమంటే కూడ వద్దన్నడు" అంది. సారవ్వ కూడా లేచింది. సదానందం వాళ్ళ మీద అరవబోతే అధికారి బయటికి పొమ్మన్నారు.

షెడ్డు మూయించారు. నీళ్ళు, గ్లౌజులు, అద్దాలు అన్నీ చూశాకే తెరవనిస్తారట. సదానందం మీద కేసు నడుస్తుంది. కానీ నాన్న మాట మార్చుకోలేదు. ఆయన లేదంటున్నంత కాలం సదానందం, "ఆడవాళ్ళు కట్టుకథలు చెబుతున్నారు" అనే అంటాడు.

గైడ్ ఇంకో గైడ్‌ను చూసుకోమని కబురు పంపారు. రేపు హైదరాబాద్ వెళ్ళిపోతున్నాను. నువ్వు చెప్పినది నమ్మనని రాశాను. ఆ ఉత్తరం చింపెయ్యి.

మైత్రి


గోదావరిఖని,
జూన్ 2.

మైత్రీ,

ఆ ఉత్తరం చింపను. నా కోపానికి పనికొస్తుంది.

అవ్వను ఇంటికి తెచ్చుకున్నాం. ఎడమ కన్ను బాగానే ఉంది. పొయ్యి దగ్గరికి పోనివ్వకపోతే నన్ను తిడుతోంది. ఇప్పుడు నీకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మీ ఇంట్లో నీకు ఎవరూ చెప్పి ఉండరు.

నిన్న పొద్దున మీ నాన్న మా ఇంటికి వచ్చారు. వాకిట్లోనే నిలబడ్డారు. నేను లోపలికి రమ్మనలేదు, కుర్చీ వేయలేదు. "ఎందుకొచ్చారు? ఇంకా ఎవరి పేరు ఎత్తొద్దని చెప్పడానికి?" అన్నాను. నా చిన్నప్పటి నుంచీ ఆయన ముందు గొంతు పెంచలేదు. నిన్న వాడకట్టంతా వినేలా అరిచాను.

లోపలి నుంచి అవ్వ, "ఎవరు బిడ్డా?" అంది. ఆయనే చెప్పుకున్నారు, "భీమశంకరాన్ని సమ్మవ్వా" అని. అవ్వ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. కట్టు తీసేశారు కదా, ఆయన ఆ కన్నును అదే మొదటిసారి చూడటం. చూసి మొహం తిప్పుకోబోయారు. "చూడుండ్రి సారూ, తిప్పుకోకుండ్రి" అంది అవ్వ.

ఆయన చేతులు జోడించారు. "మా అమ్మాయి మీద మురిపెంతో చేశాను. ఇలా అవుతుందనుకోలేదు" అన్నారు.

అవ్వ నెమ్మదిగానే అంది. ఆ నెమ్మదికి నాకే భయమేసింది. "మీ బిడ్డ మీది మురిపెంతోటి మీరు చెప్పిన్రు. మీ మీది నమ్మకంతోటి నేను విన్న. ఇద్దరిదీ ప్రేమనే సారూ. పోయింది మాత్రం నా కన్ను. మీరు మంచోళ్ళేనని నాకెరుకే. గందుకే నాకు ఎక్కువ కోపమొస్తున్నది. సదానందం చెప్తే నేను ఇనకపోదును."

ఆయన అలాగే నిలబడి ఏడ్చారు. నాకు జాలి కలగలేదని రాస్తే అబద్ధమవుతుంది. కలిగినందుకు నా మీద నాకే మండింది.

"రేపు పోయి అధికారికి నిజం చెప్పేస్తాను" అన్నారు. అవ్వ ఒప్పుకోలేదు. "రేపెందుకు? ఇయ్యాల్నే పోండ్రి. మా రాజీ బండి మీద తీస్కపోతది" అంది.

తీసుకుపోయాను. నా స్కూటీ వెనకాల మీ నాన్న. ఆయన పడిపోతారేమోనని గుంతల దగ్గర నెమ్మదిగా నడపాల్సి వచ్చింది. ఆఫీసులో నా ముందే చెప్పారు. చెయ్యి ముంచానని, విచారణలో అబద్ధమాడానని, గ్లౌజులు తీసేశారని తెలిసి కూడా నోరు మెదపలేదని. ఈ చివరి మాట ఎవరూ అడగలేదు. ఆయనంతట ఆయనే చెప్పారు. అధికారి రాసుకుని సంతకం తీసుకున్నారు. ఆడవాళ్ళవి కట్టుకథలని సదానందం చెప్పుకోవడానికి ఇక వీల్లేదు.

బయటికి వచ్చాక ఆయనను బస్టాండు దగ్గర దింపేశాను. ఇంటి దాకా దింపమని ఆయన అడగలేదు. అడిగినా దింపేదాన్ని కాదు.

షెడ్డు వచ్చే వారం తెరుస్తున్నారు. నీ కషాయమే వాడతారట, దానికంటే బాగా పనిచేసేది లేదట. లస్మవ్వ వాళ్ళు మాత్రం తొట్టి దగ్గరికి పోమంటే పోమని భీష్మించుకుని కూర్చున్నారు. నువ్వు రావాలి. ఆ గ్లాసులు, గుడ్డు పెంకులు తీసుకుని వచ్చి, అధికారికి చూపించినట్టు వాళ్ళకు చూపించు. మీ నాన్న నిలబడిన చోటే నిలబడి, యాసిడ్ అంటే ఏమిటో, కంట్లో పడితే ఏం చేయాలో వాళ్ళకు తెలిసే మాటల్లో చెప్పు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టరు. సారవ్వ నోరు నీకు తెలియదు, కడిగేస్తుంది. అవ్వ కూడా వస్తానంటోంది, ఆమె ఏమంటుందో నాకు తెలియదు.

వాళ్ళు ఎన్ని మాటలన్నా నేను అడ్డం రాను. నీ పక్కన నిలబడతాను. అంతవరకే నా వల్ల అవుతుంది.

రాజీ